కొలత కాగితం కూడా కానుకే

బెసలేలు పేరు వినగానే మనకు ప్రత్యక్ష గుడారం గుర్తుకొస్తుంది. మందసం, బల్ల, దీపవృక్షం అతని చేతుల్లోనే రూపుదిద్దుకున్నాయి. బంగారం, వెండి, రాయి, కర్ర... ఏ పనిలోనైనా అతడు దిట్ట. అయితే నిర్గమకాండం 35వ అధ్యాయం 34వ వచనంలోని ఒక చిన్న సంగతిని మనం గమనించకుండానే దాటిపోతుంటాం. దేవుడు అతనికి పనితనం ఒక్కటే ఇవ్వలేదు. ఇతరులకు నేర్పే మనసును కూడా అతనిలోనూ, అతని తోటి పనివాడైన అహోలీయాబులోనూ ఉంచాడు. చేతిలో నేర్పు ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ నేర్పును పక్కవాడి చేతిలో పెట్టే మనసు దేవుడిచ్చే మరో వరం!

క్రిస్మస్‌కు సండే స్కూలు పిల్లలకు బొమ్మలు పంచే సంఘాలు ఎన్నో ఉన్నాయి. మంచి పనే. కానీ పంచిన బొమ్మ ఒక బిడ్డకే చేరుతుంది, విరిగితే అంతటితో సరి. అదే బొమ్మ కొలతలను ఒక కాగితం మీద గీసి, ఉచితంగా ఇంటింటికీ ఇస్తే? తండ్రి చేస్తాడు, అన్న నేర్చుకుంటాడు, పక్కింటివాళ్ళు చూసి రాసుకుంటారు. ఇచ్చినవాడి దగ్గర తరగదు, పుచ్చుకున్నవాడి దగ్గర పెరుగుతుంది.

ఈ మాటకు చరిత్రలో సాక్ష్యం ఉంది. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ జర్మనీలో ఒక లూథరన్ పాస్టరు కొడుకు. ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకున్నాడు. పెద్దయ్యాక పసిపిల్లల చదువుకే జీవితాన్ని అంకితం చేశాడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్ళో పసివాళ్ళ కోసం ఒక సంస్థ ప్రారంభించాడు. 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. అక్కడి పాఠ్యపుస్తకాలు చెక్కముక్కలే! వాటిని ఆయన 'కానుకలు' అని పిలిచాడు. మూడో కానుకలో ఉన్నవి అంగుళం కొలతగల ఎనిమిది చెక్క ఘనాలు, అంతే. వాటితో పిల్లవాడు ఇల్లు కడతాడు, బావి కడతాడు, లెక్క నేర్చుకుంటాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మరుసటి ఏడాదే ఫ్రోబెల్ కన్నుమూశాడు. 1860లో ఆ నిషేధం తొలగిపోయింది. ఆ చెక్కముక్కలు మాత్రం అప్పటికే సముద్రాలు దాటాయి. పేరుపొందిన అమెరికా భవనశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చిన్ననాడు ఆడుకున్నది ఆ కానుకలతోనే.

మన దేశంలో అరవింద్ గుప్తాను చూడండి. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఇంజనీరు. 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లెబడుల్లో సైన్సు బోధన కార్యక్రమానికి వెళ్ళాడు. అక్కడ అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి రకరకాల ఆకారాలు చేసి చూపించాడు. ఆ తర్వాత ఎన్నో బొమ్మల తయారీ విధానాలను పుస్తకాలుగా రాసి, ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచాడు. 2018లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. అందరూ ఇంట్లోనే బొమ్మలు చేసుకుంటే బొమ్మల మీద బతికే పనివాడి గతేమిటి? అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కతో రంగులద్దే కుటుంబాలున్నాయి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విత్తనాలు, బెరళ్ళు, వేర్ల నుంచి తీసిన రంగులను అక్కడ మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే కుటుంబాలున్నాయి. వాళ్ళ నమూనాలను కాపీకొట్టి అమ్ముకోవడం పంచుకోవడం కాదు, వాళ్ళ కంచంలో చెయ్యి పెట్టడమే.

మత్తయి సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు ఈ రెండు సంగతులనూ పక్కపక్కనే ఉంచాడు. ఉచితంగా పొందినదాన్ని ఉచితంగానే ఇవ్వాలని 8వ వచనంలో శిష్యులకు బోధించాడు. పనిచేసేవాడికి తిండి దక్కాలని 10వ వచనంలో చెప్పాడు. కాబట్టి సులువైన కొలతలను ఉచితంగా పంచుదాం. కళాకారుడి బొమ్మను బేరమాడకుండా కొందాం. సంఘంలోని వడ్రంగి సహోదరుణ్ణి పిల్లలకు నేర్పమని పిలిస్తే, ఆ రోజు కూలి ఆయన చేతిలో పెడదాం. 'పరిచర్యే కదా' అని పేదవాడి రోజును ఊరికే తీసుకోవడం పరిచర్య కాదు.

మాటలతో సరిపెట్టకుండా ఒక కొలత ఇస్తున్నాను, రాసుకోండి. వడ్రంగి దగ్గర మిగిలిపోయిన వేప లేక మామిడి ముక్క అడగండి. అంగుళం వెడల్పు, అంగుళం మందం, పది అంగుళాల పొడవు ఉండేలా చిత్రిక పట్టించండి. ఒక్కో ముక్క కోశాక మళ్ళీ అంగుళం కొలిచి గీత గీస్తూ ఎనిమిది ముక్కలు కోయండి. రంపం కోతకు కొంత చెక్క పోతుంది గనుక రెండంగుళాలు ఎక్కువ తీసుకోమన్నాను. అంచులనూ మూలలనూ ముందు గరుకు ఉప్పు కాగితంతో, తర్వాత సన్నదానితో వేలికి గుచ్చుకోనంతగా రుద్దండి. రంగు అక్కర్లేదు. తలుపులకు వేసే పెయింటు అసలే వద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మూడేళ్ళలోపు వాళ్ళకైతే రెండంగుళాల ముక్కలే చేయండి. రంపం పని మాత్రం పెద్దవాళ్ళదే.

మార్కు సువార్త 6వ అధ్యాయంలో నజరేతువారు యేసును వడ్లవాడని పిలిచారు. అక్కడ వాడిన గ్రీకు మాట 'తెక్తోన్'. చేతులతో కట్టేవాడు, చెక్కేవాడు అని దాని భావం. ఆయన బొమ్మలు చేశాడని సువార్తల్లో ఎక్కడా లేదు, మనం కల్పించనక్కర్లేదు. అయితే చిన్నపిల్లలను అడ్డగించిన శిష్యుల మీద ఆయన కోపపడ్డాడనీ, వాళ్ళను ఎత్తుకుని దీవించాడనీ అదే మార్కు రాశాడు. జెకర్యా ప్రవక్త (8:5) యెరూషలేము బాగుపడిన రోజును వర్ణిస్తూ, కోటల గురించి కాదు, వీధుల నిండా ఆడుకునే మగపిల్లల, ఆడపిల్లల గురించి చెప్పాడు. పిల్లలు ఆడుకోవడం దేవుని దృష్టిలో చిన్న సంగతి కాదు.

మీకు తెలిసిన పని ఏదైనా కావచ్చు... బొంగరం చెక్కడం, మూడు చక్రాల బండి బిగించడం. దాన్ని ఒక కాగితం మీద గీసి వచ్చే ఆదివారం మరొకరి చేతిలో పెట్టండి. బెసలేలుకు నేర్పే మనసిచ్చిన దేవుడు మీకూ ఆ మనసు దయచేయును గాక!