మెమొరీ కార్డు - దాని సారథి



మీలో పలువురి జేబులయందు నేడు సెల్‌ఫోను కలదు. అందు గోరంత బిళ్ళ యొకటి యుండుటయు, దానిని మన యూళ్ళలో చిప్పనియు, మెమొరీ కార్డనియు పిలుచుటయు మీ రెరిగినదే. మనుమల పెండ్లి పటములును, భజన గీతములును, పొలము దస్తావేజుల నకళ్ళును దానియందే దాగియున్నవి. నేను నేడు చెప్పదలచినది ఆ బిళ్ళను గూర్చి మాత్రమే కాదు. దానిని నడుపు సారథిని గూర్చి. ఇంగ్లీషున ఆ సారథిని డ్రైవరందురు. ఈ డ్రైవరు మనుష్యుడు కాడు. యంత్రములో నుండు నొక వ్రాత, ఆజ్ఞల వరుస.

నాకీ విషయమునందు శ్రద్ధ కలుగుటకు ఒక నష్టము కారణము. నాకు విద్య గరపిన గురువుగారి యింట నొక వ్యాకరణ వ్యాఖ్యానపు తాళపత్ర ప్రతి యుండెను. దానికి చెదలు పట్టుచున్నదని విని, వారి కుమారుని యనుమతితో 112 ఆకులకును ఛాయాపటములు తీయించితిని. నా మనుమడు వానిని కంప్యూటరునుండి మెమొరీ కార్డులోనికి ఎక్కించుచుండగా, తెరమీద పని ముగిసినట్లు కనబడెను. కంప్యూటరులోని మూలమును తుడిచివేయించి, నేను తొందరపడి కార్డును పెరికితిని. ఇంటికి వచ్చి చూడగా 41 పటములు తెరచుకొనలేదు. మరల తీయింతమని పోవునప్పటికి వాన నీరు దిగి, ఆ 41లో తొమ్మిది యాకులు ముద్దయై యుండెను. ఆ తొమ్మిది యాకుల మాట ఇక నెవ్వరికిని దొరకదు. ఇందు కార్డు తప్పు లేదు, కంప్యూటరు తప్పును లేదు. పని ముగియుట యనగా నేమో నాకు తెలియకపోవుటయే తప్పు. అటుపిమ్మట తెలిసికొన్నదానిని మీకు విన్నవించుచున్నాను.

కంప్యూటరునకైనను సెల్‌ఫోనునకైనను లోపల పెత్తనము చేయు వ్రాత యొకటి కలదు. దానిని కెర్నెలందురు. గింజలోని పప్పు అని ఆ మాటకు అర్థము. ఏ పని యెప్పుడు జరుగవలెను, ఏ సరుకు ఎచ్చట నుండవలెను అను నిర్ణయమంతయు దానిదే. అట్టి కెర్నెళ్ళలో లినక్సు అనునది ప్రసిద్ధము. ఫిన్లండు దేశములోని హెల్సింకి నగరమున విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ దానిని 1991లో ప్రకటించెను. ఎవ్వరైనను దాని మూలపాఠమును చదువవచ్చును, సవరింపవచ్చును, పంచిపెట్టవచ్చును అను నియమముతో 1992 మొదలు అది వెలువడుచున్నది. మీ చేతులలోని ఆండ్రాయిడు ఫోనుల యడుగున నున్నది ఈ లినక్సే. కావున ఎచ్చటనో కూర్చుండి యొకరు దానిలో చేసిన సవరణ, కొన్నాళ్ళకు మన రచ్చబండ మీదికిని వచ్చును.

అయితే కెర్నెలునకు కార్డు భాష నేరుగా తెలియదు. "ఫలానా సంఖ్యగల పొట్లమును తెమ్ము" అనుట మాత్రమే దానికి తెలియును. పూర్వము దొరలకును రైతులకును నడుమ దుబాసీ యుండెడివాడు కదా! అట్లే కెర్నెలునకును కార్డునకును నడుమ డ్రైవరు నిలిచి, ఆ మాటను కార్డునకు తెలియు భాషలో చెప్పి, మారుమాటను తెచ్చి వినిపించును. దుబాసీ మందమతి యైనచో ఇరువైపుల వారెంత చురుకైనవారైనను పని సాగదు. వాడు అబద్ధమాడినచో కొంపలే మునుగును.

ఇక కార్డు స్వభావము. దీనిలోపల నున్నది ఫ్లాషు జ్ఞాపకమను పదార్థము. జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువొకా దీనికి ఆద్యుడు. నేటి కార్డులలో వాడు నాండ్ రకమును ఆయన బృందము 1987లో లోకమునకు తెలిపినది. 1999లో మత్సుషితా, శాన్‌డిస్కు, తోషిబా అను మూడు సంస్థలు కలిసి ఎస్‌డీ కార్డును ప్రకటించినవి. దీని గుణము మన బడి పలకను పోలియుండును. పలకమీద పంక్తి పంక్తిగా వ్రాయవచ్చును. కాని ఇచ్చట నొక్క పంక్తిని తుడుచుట కుదరదు, తుడిచినచో పలకంతయు తుడువవలసినదే. పైగా తుడిచినకొలది పలక అరుగును. ఈ చిక్కులను సర్దుకొనుటకై కార్డులోపలనే చిన్న లెక్కరి యంత్రమొకటి యుండి, ఏ పంక్తి ఏ పలకపై నున్నదో పట్టిక వేసికొనుచుండును. డ్రైవరు మాటలాడునది ఈ లెక్కరితోనే.

వారి సంభాషణ మిక్కిలి నియతమైనది. ప్రతి యాజ్ఞయు సరిగా 48 బిట్లు, అనగా సున్నలును ఒకట్లును కలిసి 48 గుర్తులు. అందు 6 గుర్తులు ఆజ్ఞ సంఖ్యకు, 32 గుర్తులు చిరునామావంటి వివరమునకు, 7 గుర్తులు తప్పును పట్టుకొను లెక్కకు. తక్కినవి మొదలును తుదియు దిక్కును తెలుపునవి. 17వ యాజ్ఞ యనిన నొక పొట్లము చదువుట. 24వ దనిన నొక పొట్లము వ్రాయుట. పొట్లమనగా 512 బైట్లు. తప్పును పట్టు లెక్క యేమన్న, మన వేదపండితులు పదము, క్రమము, జట, ఘనము అని యొకే మంత్రమును పలువిధముల వల్లించి, అక్షరము తొలగకుండ కాపాడుకొన్నారు కదా! ఇదియు నట్టి కాపుదలయే. లెక్క సరిపడనిచో డ్రైవరు మరల నడుగును.

ఇట్టి డ్రైవరును మెరుగుపరచుట యనగా నేమి? ఒకటి రెండు దృష్టాంతములు చెప్పెదను.

మొదటిది ధాన్యపు బండి దృష్టాంతము. కళ్ళములో ధాన్యము కొలిచి, గోతాలకెత్తి, బండిమీద మిల్లునకు పంపుచున్నామనుకొనుడు. బండి పోయి వచ్చువరకు కూలీలు చెట్టునీడను కూర్చుండి, వచ్చిన తరువాత మరల కొలుచుట మొదలిడుదురు. బాట గతుకులమయమై బండికి పూట పట్టునప్పుడు ఈ కొలత వేళ యెవరి కంటికిని ఆనదు. మంచి బాట పడి బండి గడియలో తిరిగివచ్చునప్పుడో, సగము పొద్దు కొలతకే పోవుచున్నదని తెలియవచ్చును. 2011కు పూర్వము లినక్సులో జరిగినది సరిగా నిట్టిదే. ఫోనులోని ప్రాసెసరు తాను వ్రాసినదానిని ముందుగా తన దాపుననున్న చిన్న కొట్టులో నుంచుకొనును. కార్డునకు సరుకు మోయు యంత్రభాగము పెద్దకొట్టునుండి మాత్రమే యెత్తును. కావున పంపుటకు ముందు చిన్నకొట్టులోని దానిని పెద్దకొట్టునకు దింపవలెను. ఇదియే కొలత. ఈ కొలత జరుగునంతసేపును కార్డు ఊరకుండెడిది. కార్డు పని చేయునంతసేపును కొలత ఆగియుండెడిది. కార్డులు మందముగా నున్న దినములలో ఎవరును దీనిని లెక్కింపలేదు. అవి వేగవంతములైన కొలది ఈ నష్టము బయటపడెను. అంతట 2011లో డ్రైవరు పద్ధతిని మార్చిరి. ఒక బండి దారిలో నుండగనే రెండవ బండికి కావలసిన కొలత జరిగిపోవునట్లు ఏర్పాటు చేసిరి. కొత్త కార్డు కొనలేదు, కొత్త యంత్రము పెట్టలేదు. పనుల వరుసను మార్చుటచేతనే లాభము కలిగినది.

రెండవది చెవి యొగ్గుటకు సంబంధించినది. తొలినాటి ఎస్‌డీ కార్డు సెకనునకు 2 కోట్ల 50 లక్షల తాళములతో నడచెడిది. నాలుగు తీగలపై సరుకు వచ్చును గనుక, ఎనిమిది బిట్లు ఒక బైటను లెక్కను, సెకనునకు 1 కోటి 25 లక్షల బైట్లు. 2010లో వెలువడిన నియమావళిలో తాళము 20 కోట్ల 80 లక్షలకు పెరిగినది. అనగా 10 కోట్ల 40 లక్షల బైట్లు. ఈ వేగమున ఒక్క గుర్తు నిలుచుకాలము సెకనులో నూరుకోట్లవ భాగములు అయిదును లేవు. ఏ క్షణమున తీగను చూడవలెనో తెలియకున్న 0కి 1, 1కి 0 చదువబడును. కావున వీణ వాయించువాడు కచేరికి ముందు శ్రుతి సరిచూచుకొనునట్లు, డ్రైవరు 19వ యాజ్ఞను మరల మరల పంపును. కార్డు తానును డ్రైవరును ముందే యెరిగిన 64 బైట్ల పాఠమును అప్పగించును. ఒక్కొక్కసారి ఒక్కొక్క క్షణమున విని, ఏ క్షణములలో పాఠము తప్పులేక వినబడెనో గుర్తించి, వాని నడిమి క్షణమును స్థిరపరచుకొందురు. వేడిమి మారినచో శ్రుతి చెడును, మరల సరిచేయవలెను.

ఇంకను కొన్ని మార్పులను క్లుప్తముగా చెప్పెదను. 2010లో, అక్కరలేని ఫైళ్ళను తుడిచినప్పుడు "ఈ చోటు ఖాళీ" అని కార్డునకు తెలుపు సౌకర్యమును చేర్చిరి. దానివలన లోపలి లెక్కరి పాడు సరుకును మోయుచు పలకలను అరగదీయుట తగ్గును. 2015లో, ఫోనులోపల అతికియుండు ఈ జాతి భాండారమునకు 32 పనులను వరుసలో నుంచుకొను శక్తి నియమావళిలో చేరెను. లినక్సు డ్రైవరు 2018లో దానికి తగినట్లు తిరిగి వ్రాయబడెను. మనవారు సూచీకటాహ న్యాయమని చెప్పుదురు. కమ్మరి యొద్దకు ఒకడు బాన చేయుమనియు, ఒకడు సూది చేయుమనియు వచ్చిన, సూదిని ముందు చేసియిచ్చుట లోకనీతి. పనులన్నియు ఎదుట నున్నప్పుడు కదా అట్టి వివేకమునకు తావుండునది!

చిరునామా చిక్కు మరియొకటి. ఆజ్ఞలో చిరునామాకు 32 గుర్తులే యుండుటచేత 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 పొట్లములను మాత్రమే పిలువవచ్చును. పొట్లమునకు 512 బైట్ల చొప్పున అది 2 టెరాబైట్లు. అంతకు మించిన కార్డులకు 2018లో నియమములేర్పడినవి. ఆజ్ఞ పొడవును మార్చిన పాత యంత్రములన్నియు మూగబోవును. కావున 22వ యాజ్ఞ యని యొకటి ముందుగా పంపి, అందు మరి 6 గుర్తులను చెప్పుదురు. ఆరు గుర్తులవలన 64 రెట్లు పెరిగి, హద్దు 128 టెరాబైట్లైనది. 2025 జనవరిలో వెలువడిన 6.13వ లినక్సులో దీనికి తగిన మార్పు చేరినది. పాతదానిని చెరపక కొత్తదానిని కలుపు ఈ నేర్పు మన వార్తికకారులకును పరిచితమే.

మెరుగనగా ఎప్పుడును చేర్చుటయే యనుకొనరాదు. 2013లో పలు వ్రాతపనులను మూటగట్టి యొకే యాజ్ఞతో పంపు పద్ధతినొకదానిని చేర్చిరి. అది చూచుటకు సొగసుగా నుండినను వాడుకలోనికి మిక్కిలి స్వల్పముగా వచ్చెను. 500 పంక్తులకు పైబడిన ఆ వ్రాత కొత్త మార్పులకు అడ్డమగుచుండుటచేత, నాలుగేండ్లు నిండకమునుపే దానిని తొలగించిరి. పంటకు అడ్డమైన మొక్క పచ్చగా నున్నను కలుపే.

ఇక నా తాటాకుల మాటకు వచ్చెదను. కార్డుపై వ్రాయుట మందపు పని. అందుచేత కెర్నెలు సరుకును ముందు తన పెద్దకొట్టులో దించుకొని, "ముట్టినది" అని చెప్పివేయును. తీరికగా కార్డునకు పంపును. సాధారణపు ఏర్పాటులో 30 సెకనులకు మించి నిలువయున్న సరుకును అది వెదకి పంపుట కలదు. పంపిన తరువాతను కార్డు తన పలకలు సర్దుకొనుచు, ఒక తీగను క్రిందికి పట్టి "ఆగుడు" అని సంజ్ఞ చేయును. మంచి డ్రైవరు ఆ సంజ్ఞ తొలగువరకు ఓపికతో కనిపెట్టును. నా కంటబడిన "ముగిసినది" అను మాట పెద్దకొట్టు ఇచ్చిన రసీదు. కార్డు ఇచ్చినది కాదు. మధ్యవర్తికి పైకము ముట్టినంతమాత్రమున ఋణదాతకు ముట్టినట్లగునా? నేను రసీదు చూచి పత్రమును చించితిని.

కావున మీకు నా మనవి యిది. కంప్యూటరునుండి కార్డును తీయునప్పుడు, ఎజెక్టు అనియో, అన్‌మౌంటు అనియో యుండు గుర్తును ముందు నొక్కించుడు. అట్లు నొక్కిన, నిలువయున్నదంతయు కార్డునకు చేర్చి, కార్డు సరియన్న పిమ్మటనే కెర్నెలు సెలవిచ్చును. ఆ తరువాత కార్డును మరల దూర్చి, నాలుగు పటములు తెరచి చూచినగాని మూలమును తుడిపింపకుడు. ముఖ్యమైన దస్తావేజులకు రెండు ప్రతులు రెండు చోట్ల నుంచుడు. కరెంటు పోయినను, కల్తీ కార్డు కొన్నను ఎంత గొప్ప డ్రైవరును కాపాడజాలదు.

మన మెన్నడును చూడని దేశములలో, మన పేరైన నెరుగని వారు, ఒక గుర్తు తప్పిపోకుండుటకై ఏండ్ల తరబడి ఆ పంక్తులను దిద్దుచున్నారు. వారి శ్రమ ఫలము మన జేబులలో నున్నది. ఆ యొక్క గుర్తును నొక్కునంత ఓపిక మన మక్కరలేదందుమా? ఆ తొమ్మిది యాకులను తలచుకొన్నప్పుడెల్ల నాకీ ప్రశ్నయే తోచుచుండును.

ఇంతటితో సెలవు.