పెరట్లో గన్నేరు.. వాకిట్లో కుక్క

మీ ఇంటి ముందు గన్నేరు చెట్టు ఉందా? మన ఇల్లందు వైపు ఎక్కడ చూసినా కనబడుతుంది. గోడ వెంట, బావి దగ్గర, గుడి ముందు, ఇప్పుడు రోడ్ల మధ్య డివైడర్ల మీద కూడా అదే. నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. ఏడాది పొడుగునా పూస్తుంది. మేక ముట్టదు. మేక ముట్టకపోవడమే దాని గొప్ప అని నాటుతాం గానీ, ఆకు కనబడితే వదలని మేక దీన్నెందుకు వదిలిపెడుతుందో ఆలోచించం.

నేనూ ఆలోచించలేదు. రైతులకు జాగ్రత్తలు రాసేవాడినే, నా ఇంట్లోనే మోసపోయాను. మా గోడ పక్కన గన్నేరు బాగా పెరిగితే ఒక దసరా ముందు కొమ్మలు కొట్టాను. చక్కగా, నిటారుగా ఉన్న కొమ్మ ఒకటి చూసి, చెక్కి వాకిట్లో గూటంగా పాతాను. మక్కచేనుకు కాపలా ఉంటుందని తెచ్చుకున్న నాలుగు నెలల కుక్కపిల్లను దానికే కట్టేశాను. పళ్లు వచ్చే వయసు, ఊరుకుంటుందా? పచ్చి కట్టెను పొద్దంతా కొరికింది. సాయంత్రానికి సొంగ, వాంతులు. పక్కింటాయన ఉప్పునీళ్లు పోయమంటే పోశాం. చీకటి పడేసరికి నిలబడలేకపోయింది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే చెస్టుపీసు గుండె మీద పెట్టి చాలాసేపు విన్నారు. 'కొట్టుకుంటూ కొట్టుకుంటూ మధ్యలో ఆగుతోంది, ఏం తిన్నది?' అని అడిగారు. తెలియదన్నాను. గూటం సంగతి తెల్లారి కుక్క చచ్చిపోయాక గానీ నాకు తట్టలేదు.

కాబట్టి, గన్నేరు కుక్కకు విషమా అంటే, విషమే. అందులో అనుమానం లేదు. ఆకు, పువ్వు, బెరడు, వేరు, గింజ అన్నీ విషమే. ఎండినా విషం పోదు. పూలు వేసి ఉంచిన నీళ్లలోకీ దిగుతుంది. దానిలో ఓలియాండ్రిన్ అనే పదార్థం ఉంటుంది. గుండె జబ్బు మనుషులకు డాక్టర్లు ఇచ్చే డిగాక్సిన్ మాత్ర ఏ పని చేస్తుందో ఇదీ అదే పని చేస్తుంది, కాకపోతే కొలత లేకుండా చేస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది, ఆగుతుంది. మన పెద్దలకు ఇది తెలియనిది కాదు. సంస్కృతంలో గన్నేరుకు హయమారకం అని పేరు. హయం అంటే గుర్రం, గుర్రాన్ని చంపేది అని అర్థం. పది, ఇరవై ఆకులు చాలు, పెద్ద పశువు కూడా పడిపోవచ్చు.

పచ్చగన్నేరు పూలు పసుపు, కాయ ఆకుపచ్చ. అది వేరే చెట్టు, గుణం మాత్రం ఇదే. దాని గింజలో విషం మరీ ఎక్కువ. పిల్లలు ఆ కాయలతో ఆడుకుంటారు, ఆడనివ్వకండి. బిళ్లగన్నేరు అని ఇంటి ముందు చిన్న మొక్క ఉంటుంది కదా, అది ఈ జాతిలోని పనిచేసేది కాదు గానీ దానికీ విషగుణం ఉంది. మందార, మల్లె, గులాబీలతో ఇలాంటి భయం లేదు.

అలాగని రేపే గొడ్డలి పట్టుకోనక్కరలేదు. గన్నేరు చేదు. పెద్ద కుక్క మామూలుగా దాన్ని ముట్టదు. పశువు కూడా పచ్చిగా ఉన్నప్పుడు ముట్టదు. ప్రమాదమంతా కొమ్మలు కొట్టిన తర్వాతే. ఆకు వాడితే పశువుకు మంచి చెడ్డ తెలియదు, చొప్పలో కలిసిపోతే అసలు తెలియదు. డివైడర్ల మీద కత్తిరించి పోసిన కుప్పలను పచ్చిమేత దొరికిందని తోలుకొచ్చి బర్రెలకు వేయకండి. కొట్టిన కొమ్మలు గూటానికి, పలుపు కట్టేందుకు, కుక్కపిల్లకు విసిరి ఆడించేందుకు, పళ్లు తోముకునేందుకు పనికిరావు. పొయ్యిలోనూ పెట్టవద్దు, పొగ మంచిది కాదు. దేవుడి పూల నీళ్లు కుక్క తాగే చిప్పలో గానీ పశువుల గోలెంలో గానీ పోయకండి.

కుక్క తిన్నట్టు అనుమానం వస్తే ఏం చేయాలి? కొన్ని గంటల్లోనే సొంగ, వాంతులు, విరేచనాలు, నీరసం కనబడతాయి. ఉప్పునీళ్లు, నూనె, చింతపులుసు పోయకండి. ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషం. పడిపోయిన కుక్క నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో మిగిలిన ఆకు తీసేసి, పరిగెత్తనివ్వకుండా ఎత్తుకుని ఆసుపత్రికి పోండి. తిన్న కొమ్మ ఒకటి వెంట తీసుకుపోండి, నేను చేయనిది అదే. తొందరగా పోతే డాక్టరు కక్కిస్తారు, విషాన్ని పీల్చే బొగ్గుపొడి పట్టిస్తారు (మందుల షాపు బొగ్గు, మన బాయి బొగ్గు కాదు సుమా), గుండెకు అట్రోపిన్ ఇస్తారు. దూరపు గూడేల వాళ్లు 1962 నంబరుకు ఫోను చేసి చూడవచ్చు. రాష్ట్రంలో పశువుల సంచార వైద్యశాలలు 2017లో ఈ నంబరుతోనే మొదలయ్యాయి.

ఇంకో మాట. ఊళ్లో కుక్క చచ్చిన ప్రతిసారీ గన్నేరును అనలేం. మన అడవి అంచు ఊళ్లలో ముష్టి గింజలు ఏరి, ఆరబోసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతుంటారు. అందులో ఉండేది స్ట్రిక్నిన్. గింజ గట్టిది, నమలకుండా మింగితే ఒక్కోసారి అలాగే బయటికి పోతుంది గానీ పొడి అయితే ప్రాణాంతకం. ముష్టి విషమైతే కుక్క కట్టెలా బిగుసుకుంటుంది, చప్పుడైతే చాలు ఎగిరిపడుతుంది. గుళికల మందైతే సొంగ కారుతూ వణుకుతుంది, కంటిపాప సన్నబడుతుంది. ఫోరేట్ గుళికలను కేంద్రం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. పాత డబ్బా ఇంకా ఎవరి కొట్టంలోనైనా ఉంటే పందుల కోసమని ఎరలో కలపకండి. పంది రాకముందు మీ కుక్కే తింటుంది. ఈ తేడాలు చూసి చెబితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

మా గోడ పక్క గన్నేరు ఇంకా ఉంది. మా అమ్మ పూజకు ఆ పూలే కావాలంటుంది. కొమ్మలు కొట్టే రోజు మాత్రం ఇప్పుడున్న కుక్కను చేను దగ్గర కట్టేసి వస్తున్నాను. ఆకు రెమ్మ మిగలకుండా ఊడ్చి, మోకాలి లోతు గుంతలో పూడ్చిన తర్వాతే దాన్ని ఇంటికి తెస్తున్నాను.