పిల్లల రక్షణ: సర్కారు పని ఏది, సంఘం పని ఏది?

ఎంఎంటీఎస్ రైలులో లింగంపల్లి వైపు వెళ్తుంటే బోరబండ తర్వాత వచ్చే స్టేషన్ హైటెక్ సిటీ. ప్రయాణం కొద్ది నిమిషాలే. పొద్దున్నే బోరబండ, అల్లాపూర్, రహమత్‌నగర్ సందుల్లోంచి బయలుదేరే అమ్మలు మాదాపూర్, కొండాపూర్ అపార్టుమెంట్లలో ఇళ్లు ఊడ్చి, అంట్లు తోమి, ఇంకొకరి పిల్లల్ని ఎత్తుకొని ఆడిస్తారు. నాన్నలు కట్టడం పనులకో, ఆటో నడపడానికో, సెక్యూరిటీ డ్యూటీకో పోతారు. బడి విడిచాక చీకటి పడేదాకా వాళ్ల పిల్లల్ని చూసేదెవరు? పక్కింటి ఆంటీ, మూలమీది కిరాణా కొట్టాయన, ట్యూషన్ చెప్పే అక్క, ఆదివారం సండేస్కూల్ టీచర్.

పిల్లల రక్షణ కోసం ప్రభుత్వానికి చట్టాలున్నాయి, కార్యాలయాలున్నాయి, ఫోన్ నంబరు ఉంది. అయినా ఏ గదిలో ఏ బిడ్డ భయంతో ముడుచుకుపోయిందో ఏ కార్యాలయానికీ తనంతట తాను తెలియదు. అది ముందుగా తెలిసేది ఇరుగుపొరుగుకు, సంఘానికి. అందుకే ఈ వారం ఒక్క విషయం స్పష్టంగా చెప్పదలిచాం. ఆపదను గమనించడం, వెంటనే తెలియజేయడం, ఆ తర్వాత ఆ కుటుంబానికి తోడుండడం సంఘం పని. విచారించడం, తీర్పు చెప్పడం, బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించడం ప్రభుత్వం పని. ఈ రెండూ కలగాపులగమైతే నష్టపోయేది బిడ్డే.

జమ్ము పెట్టె దగ్గర ఎవరెవరున్నారు?

నిర్గమకాండము రెండో అధ్యాయం మన సండేస్కూల్ పిల్లలకు కూడా తెలిసిన కథే. తల్లి బిడ్డను మూడు నెలలు దాచింది. ఇక దాచలేక జమ్ము పెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున ఉంచింది. అక్క దూరంగా నిలబడి కనిపెట్టింది. ఫరో కుమార్తె కనికరపడగానే అక్క ధైర్యంగా ముందుకొచ్చి, పాలిచ్చే స్త్రీని పిలుచుకొస్తానంది. చివరికి కన్నతల్లే జీతం పుచ్చుకొని తన బిడ్డను పెంచింది.

ఇందులో అధికారం రాజగృహానిది, కాపలా అక్కది, పెంపకం తల్లిది. అక్క బిడ్డను ఎత్తుకొని పారిపోలేదు, చూస్తూ ఊరుకోనూ లేదు. అధికారం ఉన్న మనిషితో సరైన సమయంలో సరైన మాట చెప్పింది. రాజగృహం ఖర్చుతో బిడ్డ కన్నతల్లి ఒడిలోనే పెరిగాడు. ఈనాటి మన చట్టం కోరేది కూడా ఇంచుమించు ఇదే.

ఒక్క ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది?

అందరూ గుర్తుంచుకోవలసిన నంబరు 1098. చైల్డ్‌లైన్‌గా ఇది 1996లో ముంబయిలో, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ చేపట్టిన ప్రాజెక్టుగా మొదలైంది. చాలా ఏళ్లు దేశమంతటా స్వచ్ఛంద సంస్థలే దీన్ని క్షేత్రస్థాయిలో నడిపాయి. 2023లో మిషన్ వాత్సల్య పథకం కింద ఈ బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలకు వచ్చింది. 112 అత్యవసర సేవతో దీన్ని కలిపారు. మన రాష్ట్రంలో మహిళా శిశు సంక్షేమ శాఖ, దాని కింద జిల్లాకొకటి చొప్పున ఉన్న బాలల పరిరక్షణ విభాగం ఈ పని చూస్తాయి. ఫోన్ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

బోరబండ హైదరాబాద్ జిల్లా అంచున ఉంది. కాస్త అటు జరిగితే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, ఇంకాస్త ముందుకు పోతే రంగారెడ్డి జిల్లా. "ఇది మా పరిధి కాదేమో" అన్న అనుమానం ఫోన్ చేసేవారికి అక్కర్లేదు. ఏ జిల్లాకు పంపాలో ఫోన్ అందుకున్నవారు చూసుకుంటారు. పోలీసు ఫిర్యాదుకూ అంతే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

రక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెప్పే మాట ఇది. కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, వారిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. ఈ కమిటీకి మేజిస్ట్రేట్ అధికారాలున్నాయి. బిడ్డను పోలీసులే తీసుకెళ్లాలని లేదు. స్వచ్ఛంద సంస్థవారు, డాక్టరు, సామాజిక కార్యకర్త, మామూలు పౌరుడు ఎవరైనా తీసుకెళ్లవచ్చు. బిడ్డ తానే వెళ్లవచ్చు.

తప్పిపోయిన బిడ్డ, దిక్కులేని బిడ్డ మనకు దొరికితే జాలిపడి ఇంట్లో ఉంచుకోవడం కుదరదు. 24 గంటల్లో తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మనం దయ అనుకొని బిడ్డను ఉంచుకున్న ఆ రోజుల్లో ఎక్కడో ఒక తల్లి వీధి వీధీ తిరుగుతూ ఉండవచ్చు.

"మనలో మనం సర్దుకుందాం" అనే మాట

ఇక మన సంఘాలు మరీ జాగ్రత్తగా వినవలసిన సంగతి. పిల్లలపై లైంగిక నేరాలను విచారించే పోక్సో చట్టం 2012లో వచ్చింది. అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చని భయపడుతున్నవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. ఈ బాధ్యత నుంచి కాపరికి గానీ సంఘపెద్దకు గానీ మినహాయింపు లేదు. దాచినవారికి ఆరు నెలల వరకు శిక్ష. సంస్థ బాధ్యుడై ఉండి తన కిందివారి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద మాత్రం ఏ చర్యా ఉండదు.

అయినా "కుటుంబం పరువు పోతుంది", "సంఘానికి చెడ్డపేరు వస్తుంది", "క్షమించడం మన ధర్మం కదా" అని పెద్దలు కూర్చొని సర్దేస్తుంటారు. తామారు కథ గుర్తుచేసుకుందాం. వాడు నీ అన్నే కాబట్టి ఊరుకొమ్మని అబ్షాలోము ఆమె నోరు మూయించాడు. దావీదుకు కోపం వచ్చింది గానీ చేసిందేమీ లేదు. ఆమె పాడైపోయినదై అన్న ఇంట ఉండిపోయింది. మౌనంతో ఆ ఇంటి పరువు నిలబడలేదు, తర్వాత నెత్తురే పారింది. క్షమాపణ ఆ బిడ్డ ఆత్మకు సంబంధించిన సంగతి, ఎప్పుడు ఇవ్వాలో ఆ బిడ్డ ఇష్టం. నేరం రాజ్యానికి సంబంధించిన సంగతి. దాన్ని రాజీ చేసే హక్కు పెద్దలకు లేదు.

పోలీస్ స్టేషన్ అంటే బిడ్డ బెదిరిపోతుందని తల్లిదండ్రులు వెనకాడుతారు. ఆ భయం చట్టానికీ తెలుసు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి రాయాలి, ఒంటిమీద యూనిఫాం ఉండకూడదు. బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. హైదరాబాద్‌లో 2016లో పోలీసులు ప్రారంభించిన భరోసా కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసహాయం ఒకే కప్పు కింద అందుతున్నాయి. నాంపల్లి హాకా భవన్‌లోని ఈ కేంద్రంలోనే 2018లో పిల్లలకు అనువైన న్యాయస్థానం కూడా ఏర్పాటైంది. బిడ్డ నిందితుడి ముఖం చూడకుండానే సాక్ష్యం చెప్పవచ్చు.

ఇంకొక హెచ్చరిక. "ఫలానా వారి పాప కోసం ప్రార్థించండి" అని పేరు, ఇల్లు, బడి వివరాలతో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బాధిత బిడ్డ ఎవరో తెలిసేలా ఏ మాధ్యమంలోనైనా వెల్లడించడం నేరం. ప్రభువుకు ఆ బిడ్డ పేరు తెలుసు, గ్రూపులో ఉన్నవారికి తెలియనక్కర్లేదు.

హాస్టల్, దత్తత, పనిపిల్ల

మంచి మనసుతోనే మనం చేసే మూడు తప్పులున్నాయి. మొదటిది, రిజిస్ట్రేషన్ లేని హోమ్. మందిరం పక్కన రెండు గదులు వేసి పదిమంది పేదపిల్లల్ని ఉంచి చదివించాలన్న ఆశ మంచిదే. కానీ రక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచే ప్రతి సంస్థా జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదు కావాలి. కాకపోతే నిర్వాహకులకు ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నమోదు అంటే కాగితం ఒక్కటే కాదు. బయటి మనిషి వచ్చి పిల్లలతో విడిగా మాట్లాడతాడని అర్థం. అలాంటి తనిఖీకి తలుపు తెరవని ఇంటికి మన కానుకలు పంపకూడదు.

రెండోది, చేతిమీదుగా దత్తత. పెళ్లికాని తల్లి కన్న బిడ్డను పిల్లల్లేని దంపతులకు అప్పగించడం పుణ్యకార్యంలా కనిపిస్తుంది. అది మూడేళ్ల వరకు జైలు పడే నేరం. పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. బోరబండకు దగ్గరే యూసుఫ్‌గూడ ప్రాంతంలో ప్రభుత్వ శిశు విహార్ ఉంది. 2024 మే నెలలో రాచకొండ పోలీసులు పసిపిల్లల విక్రయ ముఠాను పట్టుకున్నప్పుడు, డబ్బిచ్చి తెచ్చుకున్నవారి ఇళ్లనుంచి ఆ పిల్లల్ని శిశు విహార్‌కు తరలించవలసి వచ్చింది. అడ్డదారిలో వచ్చిన బిడ్డను ఎంత ప్రేమగా పెంచినా ఆ ప్రేమకు చట్టం అండ ఉండదు. కన్నీళ్లు పెద్దలకూ తప్పవు, పసివారికీ తప్పవు.

మూడోది, "చదివిస్తాం" అని ఊరినుంచి తెచ్చిన పనిపిల్ల. ఈ మాట అపార్టుమెంట్లలో ఉండే విశ్వాసులకు. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, ఇంటిపని కూడా అందులోదే. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా ఇరవైవేల నుంచి యాభైవేల జరిమానా, లేదా రెండూ. మన పిల్లల బ్యాగు మోస్తూ బస్సుదాకా వచ్చే పాపకు ఆ బస్సెక్కే హక్కు లేదా?

కాపరులకు ఒక్క మాట. 18 ఏళ్లు నిండని అమ్మాయికి పెళ్లి జరిపించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రకటన చదివే ముందే వయసు ధ్రువపత్రం చూడండి.

పేదరికం బిడ్డను ఇంటికి దూరం చేయకూడదు

బిడ్డను హోమ్‌లో చేర్చడం చివరి మార్గమే కావాలని చట్టం ఉద్దేశం. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అనే సాయం ఉంది. అర్హత ఉన్న బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. తల్లి వితంతువో, భర్త విడిచిపెట్టినదో అయితే, తల్లిదండ్రులు లేక బిడ్డ బంధువుల దగ్గర పెరుగుతుంటే, కన్నవారు ప్రాణాంతక వ్యాధితో మంచానపడితే దరఖాస్తు చేసుకోవచ్చు. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 రూపాయలు మించకూడదు. మోషే తల్లికి అందిన జీతం లాంటిదే ఇది.

మన స్త్రీల సమాజంలో ఇలాంటి విధవరాండ్రు ఎంతమంది ఉన్నారో మనకు పేరు పేరునా తెలుసు. ఆదాయ పత్రం, ఆధార్, మరణ ధ్రువపత్రం పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక, కూలి పోగొట్టుకొనే స్తోమత వారికి ఉండవు. దరఖాస్తు నింపి వెంట వెళ్లే యౌవనస్థులు ఇద్దరుంటే ఒక బిడ్డ హాస్టల్‌కు పోకుండా అమ్మ దగ్గరే ఉంటుంది.

ఇలాంటి భాగస్వామ్యం మన నేలకు కొత్తది కాదు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టిలో, పనుల్లో ఉన్న పిల్లల్ని బడికి మళ్లించింది. సొంత బడులు పెట్టి సర్కారుకు పోటీ నిలవకుండా, బ్రిడ్జి క్యాంపుల్లో పిల్లల్ని సిద్ధంచేసి ప్రభుత్వ బడుల్లోనే చేర్పించింది. ఊరి యువకులు, ఉపాధ్యాయులు, పంచాయతీ పెద్దలు ఆ పనిలో చేతులు కలిపారు. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. ఇప్పుడు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసులు, కార్మిక శాఖ, శిశు సంక్షేమ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి పిల్లల్ని విడిపిస్తున్నాయి. మిగతా పది నెలలు చూడవలసింది మనమే.

ఈ నెలలోనే చేయగలిగినవి

మందిరం గోడమీద, పిల్లల కంటికి అందే ఎత్తులో 1098 నంబరు రాయించండి. సండేస్కూల్‌లో, వి.బి.ఎస్.లో ఏ బిడ్డతోనూ ఒక్క పెద్దమనిషే తలుపు వేసుకొని ఉండకూడదని నియమం పెట్టుకోండి. ఆ నియమం కాపరికీ వర్తించాలి. బిడ్డ ఏదైనా చెప్పుకుంటే నమ్మకంగా వినండి, గుచ్చి గుచ్చి అడగకండి, నలుగురి ముందు మళ్లీ చెప్పించకండి. చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు రాసిపెట్టుకొని అదే రోజు ఫోన్ చేయండి. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో వార్డు స్థాయి బాలల సంక్షేమ, పరిరక్షణ కమిటీ ఉంది. మీ వార్డులో అది కూర్చుంటోందా అని అడగండి. లేకపోతే పక్క మసీదు పెద్దల్నీ, గుడి కమిటీనీ, అంగన్‌వాడీ టీచర్‌నూ కలుపుకొని వెళ్లి ఏర్పాటు చేయమని కోరండి. బిడ్డ ఏ మతంవారిదైనా ఆపద ఒకటే.

ఫోన్ చేసినంతమాత్రాన మన పని తీరదు. కేసు నడిచే నెలల్లో ఆ ఇంటికి బియ్యం కావాలి, కోర్టుకు తోడు కావాలి, "మీవల్లే గొడవైంది" అనే నోళ్లకు ఎదురు నిలిచే మనిషి కావాలి. మన సంఘాల్లో వాటికి కొదువ లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు పదినిమిషాలు కూర్చొని, మన సంఘం తరఫున ఈ పని చూసే ఇద్దరి పేర్లు నిర్ణయించండి. వారిలో ఒకరు స్త్రీ అయితే పిల్లలు నోరు విప్పడం తేలికవుతుంది.