బిడారుకు దిక్కు నిర్ణయించుట: మేడ్చల్, శామీర్‌పేట మార్గములను గూర్చి

పలువురు కలిసి నెలల తరబడి సాగించు ప్రయాణములో మొట్టమొదట తేల్చుకొనవలసినది దిక్కు. ఏ దారిన పోయి ఏ దారిన తిరిగి రావలెనన్న ప్రశ్నకు పటము చూచి, దగ్గరి గీత ఎన్నుకొనుటయే సమాధానమని మన విద్యార్థులు పలువురు తలంచుచున్నారు. పూర్వపు బిడారులు అట్లు తలంచలేదు.

తెలుగువారు బిడారు అన్నదానినే ఉర్దూలో కారవాన్ అనియు, ఖాఫిలా అనియు అందురు. గోలకొండ రాజ్యమున వర్తకుల బిడారులు విడిసిన తావు నేటికిని హైదరాబాదులో కార్వాన్ అను పేరుతోనే ఉన్నది. 1671లో నిర్మించిన తోలీ మసీదు అక్కడిదే. మనము నిత్యము వాడు మజిలీ అరబ్బీ మంజిల్ నుండి, మకాము మఖామ్ నుండి వచ్చినవి. రహదారి అను మాట మొగలాయీల కాలమున బాటసుంకమునకు పేరు. శామీర్‌పేట మీదుగా పోవు రాజీవ్ రహదారిపై బస్సులో కూర్చున్నప్పుడు ఈ సంగతి ఎవరికి జ్ఞాపకము వచ్చును?

మన ప్రాంతమునుండి ఉత్తరమునకు ప్రధానమైన దారులు రెండు. మేడ్చల్ దారి కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదుల మీదుగా నాగపూరు చేరును. శామీర్‌పేట దారి సిద్దిపేట, కరీంనగరము మీదుగా గోదావరీ తీరమున రామగుండమునకు, అటుపై మంచిర్యాలకు పోవును. మొదటి దానిలో సోన్ వద్ద గోదావరి, ఆపైన నిర్మల్ కనుమలు, పెన్‌గంగ, వార్ధా ఎదురగును. రెండవ దానిలో మానేరు, గోదావరి దాటిన తరువాత ఆసిఫాబాదు అడవులు. వంతెనలు లేని కాలమున ఏ నది ఏ నెలలో దాటవీలగునో తెలియనివాడు బిడారును నడుపలేడు. ఆదిలాబాదు నుండి నాగపూరు వరకు ఎక్కువగా నల్లరేగడి నేల. ఎండలో అది ఇనుమువలె గట్టిగా ఉండును. వాన కురిసినచో బండి ఇరుసుదాక దిగబడును.

ఈ విషయమున మనకు దొరికిన గొప్ప ఉదాహరణము ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర. వీరు చెన్నపట్నము సుప్రీం కోర్టులో ప్రధాన దుబాసీ. 1830 మే 18న దాదాపు నూరుగురు పరివారముతో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. మార్గమధ్యమునుండి మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లకు వ్రాసి పంపిన విశేషములు 1838లో గ్రంథముగా అచ్చయినవి. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము దర్శించి హైదరాబాదు చేరి, అక్కడినుండి మేడ్చల్ మీదుగా నిర్మల్, నాగపూరు, జబల్పూరు, మీర్జాపూరు దారిన ప్రయాగ, కాశి చేరినారు. తరువాత గయ, కలకత్తా, జగన్నాథము. పిమ్మట సముద్రతీరమున శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము మీదుగా స్వస్థలము.

ఇదే వలయమును వెనుకనుండి మొదలుపెట్టి, తీరమున పోయి దక్కనున రాకూడదా? మాకు తోచిన సమాధానము గంగలో ఉన్నది. ప్రయాగ నుండి కలకత్తా దిశగా నీరు తూర్పునకు పారును. అటు పోవువారికి ప్రవాహము తోడుపడును. ఎదురుగా వచ్చువారు పడవను తాళ్లతో లాగించుకొనవలెను. వీరాస్వామయ్య గారు పడవలెక్కినది ఆ తూర్పు ప్రయాణములోనే. నూరుగురికి దినదినము తిండి పెట్టువానికి ఈ తేడా చిన్నది కాదు. అయితే ఆ లాభమునకు మూల్యము చెల్లించక తప్పలేదు. మే మాసమున బయలుదేరినవారికి వర్షఋతువు దక్కనులోనే ఎదురగును. ఒక ఇబ్బంది ఎంచుకొని మరొకటి తప్పించుకొనుటయే మార్గనిర్ణయము. మరొక ముచ్చట: వారణాసి నుండి జబల్పూరు, నాగపూరు, హైదరాబాదు మీదుగా కన్యాకుమారికి పోయిన పాత 7వ నంబరు జాతీయ రహదారి చాలవరకు ఆయన నడచిన జాడయే. 2010లో నంబరులు మారినందున మేడ్చల్ దారి ఇప్పుడు 44.

వర్తకపు బిడారులకు గడ్డి, నీరు ముఖ్యము. లంబాడీల తండాలు ధాన్యము, ఉప్పు ఎద్దులపై మోయించి దేశమంతట తిరిగెడివి. పది, పన్నెండు వేల ఎద్దులు ఒక్కసారిగా కదలెడివనియు, ఇరుకు దారిలో అవి ఎదురైనచో బండ్లవారు రెండు మూడు దినములు ఆగవలసి వచ్చెడిదనియు పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వ్రాసినాడు. అన్ని నోళ్లకు నీరందించు చెరువులున్న దిక్కే వారి దిక్కు.

ఎంచుకొను అవకాశమే లేని బిడారును మనము కన్నులారా చూచితిమి. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలయినది. బస్సులు లేవు, రైళ్లు లేవు. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, బీహారు, ఝార్ఖండు కూలీలు భార్యాబిడ్డలతో మూటలు నెత్తిన పెట్టుకొని ఈ మేడ్చల్ దారినే నాగపూరు దిక్కుగా నడచినారు. వలసకూలీల తొలి ప్రత్యేక రైలు లింగంపల్లి నుండి హతియాకు కదలినది మే 1న మాత్రమే. ఆ తరువాతను నడక ఆగలేదు. వీరాస్వామయ్య గారికి డేరాలు, బోయీలు, అధికారుల పరిచయములు ఉండెను. వీరికి చేతిలో ఫోను, దానిలో తరుగుచున్న చార్జి ఉండెను. దారి పొడవునా ఊళ్లవారును, స్వచ్ఛంద సేవకులును అన్నము, నీరు, చెప్పులు ఇచ్చినారు. నడచినవారు ఎండకు జడిసి తెల్లవారుజామునను, రాత్రివేళను కదలి, మధ్యాహ్నము చెట్ల క్రింద నిలిచినారు. పూర్వపు బిడారుల వేళలును ఇవియే.

ఇక మన విజ్ఞానయాత్ర సంగతి. ఈ రెండు దారులను కలిపి వలయముగా తిరిగి రావలెనని విద్యార్థుల కోరిక. ముందుగా శామీర్‌పేట దారిన పోవుదమని కొందరు, మేడ్చల్ దారిన పోవుదమని కొందరు అనుచున్నారు. మేము రెండవ పక్షము. శామీర్‌పేట దారిన పోయినచో కరీంనగరము, రామగుండము చూచి మంచిర్యాల దాటునప్పటికి సాయంకాలమగును. జన్నారము అడవి చీకటిలో దాటవలసి వచ్చును. అది కవ్వాల్ పులుల అభయారణ్యము. మేడ్చల్ దారిన పోయినచో నిర్మల్ సుమారు 200 కిలోమీటర్లు. మొదటి దినమే కొయ్యబొమ్మల పని, కుంతాల జలపాతము చూచి నిర్మల్‌లో మజిలీ చేయవచ్చును. మరునాడు పగటివేళ ఖానాపూరు, జన్నారము, లక్షెట్టిపేటల మీదుగా అడవి దాటి మంచిర్యాల చేరి, రామగుండము, కరీంనగరము చూచుకొని శామీర్‌పేట దారిన తిరిగి రావచ్చును. నెల అక్టోబరు అయినచో వానలు తగ్గి, జలపాతమున నీరు మిగిలియుండును. రెండవనాటి ఉదయము బస్సు తూర్పుముఖముగా పోవును గనుక ఎండ డ్రైవరు కన్నులలో పడును. ఎనిమిది దాటిన తరువాత నిర్మల్ వదలుట మంచిది.