పోటీకెక్కిన పల్లె పాట

పాటల పోటీ అంటే ఏమిటో మీకెవరికీ చెప్పనక్కరలేదు. టెలివిజన్‌లో చూస్తూనే ఉన్నారు. వేదిక నిండా రంగురంగుల దీపాలు వెలుగుతూ ఉంటాయి. మధ్యన ఒక అబ్బాయో అమ్మాయో నిలబడి పాడుతూంటే ఎదురుగా పెద్దలు కూర్చుని శ్రద్ధగా వింటారు. పాట కాగానే బాగోగులు చెప్పి మార్కులు వేస్తారు. వారం వారం కొందరు ముందుకు పోతారు, కొందరు ఇంటిదారి పడతారు. ఇంట్లో కూర్చుని చూసే మనకు కూడా గుండె దడదడలాడుతుంది.

ఒకప్పుడు ఇటువంటి పోటీలోకి నాట్ల పాట, దంపుడు పాట, బతుకమ్మ పాట లాంటి పల్లె పాటలు నడిచివచ్చాయి. ఆ పోటీకి, నల్లగొండ పాలమూరు జిల్లాలకు దగ్గర సంబంధం ఉన్నది. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకుందాం.

పాటకు పందెం పెట్టటం ఈనాటిది కాదు. బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ 1176 లో రీస్ అనే ప్రభువు తన కోటలో కవులకూ, సంగీతగాళ్ళకూ పోటీ పెట్టి, గెలిచినవారికి బహుమతిగా కుర్చీలు ఇచ్చాడు. వేల్స్‌లో ఈనాటికీ ఏటేటా అటువంటి ఉత్సవం జరుగుతుంది, గెలిచిన కవికి కుర్చీ ఇస్తారు. మన ఊళ్ళలో మాత్రం తక్కువా? కోలాటంలోనూ, చిరుతల భజనలోనూ ఒక ఊరి జట్టుతో మరొక ఊరి జట్టు పోటీపడటం మీ తాతలు ఎరిగినదే.

తెలుగు టెలివిజన్‌లో పాటల పోటీకి మంచి పేరు తెచ్చినది "పాడుతా తీయగా". 1996 లో ఈటీవీలో అది మొదలయింది. గాయకుడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గారు దానిని నడిపించారు. పాడిన పిల్లలను చిన్నబుచ్చకుండా, ఎక్కడ శ్రుతి తప్పిందో, ఏ అక్షరం సరిగా పలకలేదో ఓపికగా చెప్పటం ఆయన పద్ధతి. బ్రిటన్‌లో "పాప్ ఐడల్" వచ్చినది 2001 లో, మన దేశంలో "ఇండియన్ ఐడల్" వచ్చినది 2004 లో. అంటే మన పోటీ వాటికన్న పెద్దది. 2020 లో బాలసుబ్రహ్మణ్యం గారు కన్నుమూసిన తరువాత కూడా అది ఆగలేదు. 2025 లో రజతోత్సవ విడత కూడా జరుపుకున్నది.

ఈ పోటీలలో వినిపించేవి చాలావరకు సినిమా పాటలు. సినిమా పాటకు ఒక సదుపాయం ఉన్నది. దానిని ఒకరు రాస్తారు, ఒకరు స్వరం కడతారు, ఒకరు పాడి రికార్డు చేస్తారు. పోటీలో పాడిన పాటను ఆ అసలు పాట పక్కన పెట్టి చూస్తే, ఎక్కడ కలిసిందో ఎక్కడ తప్పిందో తెలిసిపోతుంది. కాబట్టి మార్కులు వేయటం అంత కష్టం కాదు.

మరి అసలు పాట అన్నదే లేకపోతే?

మా టీవీ అనే చానెల్ 2002 లో మొదలయింది. 2010 కి కొంచెం అటూ ఇటూగా అందులో "రేలా రే రేలా" అనే పోటీ వచ్చింది. అది అచ్చంగా జానపద గీతాల పోటీ. మొదటి విడత చూసినవారికి అదొక వింతగా ఉండేది. ఎందుకంటే, పొలాల్లోనూ, పండుగల్లోనూ, జాతరల్లోనూ వినిపించే పాట, దీపాల వెలుగులో, మైకు ముందు, మార్కుల కోసం నిలబడింది. జనం ఆదరించారు. అందువల్ల తరువాత మరికొన్ని విడతలు వచ్చాయి.

ఆ పేరుకు అర్థం తెలుసునా? అడవుల్లో రేల చెట్టు ఉంటుంది. ఎండాకాలంలో ఆకులు రాలి, చెట్టు నిండా పసుపుపచ్చని పూలు గుత్తులు గుత్తులుగా వేలాడుతాయి. ఆ తరువాత మూరెడు పొడుగున నల్లని కాయలు కాస్తాయి. కేరళవారు ఆ పూవునే తమ రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్నారు. కోయలు, గోండులు ఆడిపాడేటప్పుడు "రేల" అనే మాటను పల్లవిగా తిప్పి తిప్పి పాడతారు. పోటీ పేరు అక్కడి నుంచి వచ్చింది.

ఆ పోటీలో న్యాయనిర్ణేతలుగా కూర్చున్నవారిలో ఇద్దరు మన మెట్టసీమవారే. ఒకరు సుద్దాల అశోక్ తేజ గారు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సుద్దాల వారి ఊరు. వారి తండ్రి సుద్దాల హనుమంతు గారు. 1940 ల నాటి తెలంగాణ రైతాంగ పోరాటంలో ఆయన పల్లె బాణీలనే తీసుకుని, వాటిలో కొత్త మాటలు పొదిగి, ఊరూరా పాడారు. పసులు కాసే పిల్లవాడి కష్టం మీద ఆయన రాసిన పాట 1979 నాటి "మా భూమి" సినిమాలో ఉన్నది. అశోక్ తేజ గారు మొదట బడిపంతులు. తరువాత సినిమాలకు పాటలు రాసి, 2003 నాటి "ఠాగూర్" సినిమా పాటకు జాతీయ బహుమతి పొందారు.

రెండవవారు గోరటి వెంకన్న గారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని గౌరారం వారి ఊరు. ఊళ్ళో చేతివృత్తులు చితికిపోతున్న సంగతి మీద ఆయన కట్టిన పాట 2002 లో "కుబుసం" సినిమాలోకి వచ్చింది. ఎండిపోయిన వాగు మీద, పిట్టల మీద, సంతల మీద కూడా ఆయన పాటలు కట్టారు. "వల్లంకి తాళం" అనే పుస్తకానికి 2021 లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఇద్దరూ పల్లె పాట వింటూ పెరిగినవారే. అయినా పల్లె పాటకు మార్కులు వేయటం ఎంత చిక్కో ఆలోచించండి.

మన సీమ సంగతే చూడండి. ఎర్రనేలలు, రాతిగుట్టలు, వాన నమ్మకం లేని పైర్లు. ఒకప్పుడు జొన్న, ఆముదం ఎక్కువగా ఉండేవి. వెనకటి రోజుల్లో బావి నీళ్ళు తోడటానికి మోట ఉండేది. బావి గట్టున గిలక, గిలక మీదుగా తాడు, తాడుకు ఒక కొసన పెద్ద బొక్కెన, రెండవ కొసన ఎడ్లు. ఎడ్లు ఏటవాలు దారిలో కిందికి నడిస్తే నిండు బొక్కెన పైకి వస్తుంది, నీళ్ళు కాలువలో పడతాయి. ఎడ్లు వెనక్కు నడిచి గట్టెక్కితే బొక్కెన మళ్ళీ బావిలోకి దిగుతుంది. ఇలా గంటల తరబడి తోడాలి. మోట తోలేవాడు ఎడ్ల నడకకు సరిపోయేలా పాట ఎత్తుకునేవాడు. అతని పాట ఎంత పొడుగు? చేను తడిసేదాకా!

నాట్లు వేసేటప్పుడు కూడా అంతే. ఆడవాళ్ళు వరుసగా నడుము వంచి, వెనక్కు అడుగులు వేస్తూ నారు నాటుతారు. ఒకామె పాట చెబుతుంది, మిగిలినవారు అందుకుంటారు. ఇందులో ఒక శాస్త్ర రహస్యం ఉన్నది. పాడేటప్పుడు మనం ఊపిరిని కొద్దికొద్దిగా, చాలాసేపు వదులుతాము. కాబట్టి మళ్ళీ గట్టిగా పీల్చుకోవటానికి వ్యవధి కావాలి. మిగిలినవారు పాట అందుకున్నంతసేపూ చెప్పే ఆమెకు ఆ వ్యవధి దొరుకుతుంది. ఆమె చెబుతున్నప్పుడు మిగిలినవారికి దొరుకుతుంది. అందువల్లనే వంగి పనిచేస్తూ కూడా పూటంతా పాడగలుగుతారు. పాటలోని లయ వల్ల చేతులన్నీ ఒక్కతీరున కదులుతాయి, ఎవరూ వెనకబడరు.

దంపుడు పాట సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు రోకళ్ళతో దంచుతారు. ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది పడాలి. లయ తప్పితే రోకళ్ళు రెండూ ఢీకొంటాయి! ఇక్కడ లయ తప్పితే పోయేది మార్కు కాదు, చేతి వేళ్ళు నలుగుతాయి.

ఈ పాటలకు అసలు పాట అంటూ ఒకటి లేదు. ఒక ఊళ్ళో ఒక మాట ఉంటే పక్క ఊళ్ళో ఇంకొకటి. రెండూ సరైనవే. ఒకామె నాలుగు చరణాలు కలుపుతుంది, ఒకామె రెండు మరిచిపోతుంది. కట్టినవారి పేరు ఎవరికీ తెలియదు. పొలంలో గొప్ప పాటగత్తె ఎవరు? తీయని గొంతు ఉన్న ఆమే కానక్కరలేదు. గొంతు బొంగురుపోయినా సరే, పొద్దుగూకేదాకా చెప్పినా తరగనన్ని పాటలు గుర్తున్న ముసలమ్మే గొప్పది. పదిమంది చేత పాడించగల ఆమే గొప్పది.

వేదిక మీద ఈ లెక్క తిరగబడింది. అక్కడ పొలం లేదు, పని లేదు, పది చేతులు లేవు. పూటంతా సాగే పాట కొద్ది నిమిషాలకు కుదించుకుపోవాలి. మాటిమాటికీ వచ్చే చరణాలు పోయి, చురుకైన చరణాలు మిగిలాయి. డప్పుకు తోడు తక్కిన వాయిద్యాలు చేరాయి. వినేవారు కూడా పాడేవారే అయిన పాటకు, ఊరికే కూర్చుని చూసేవారు ఏర్పడ్డారు. బొంగురు గొంతు ముసలమ్మ ఆ పోటీకి వచ్చి ఉంటే ఎన్నాళ్ళు నిలిచేది?

అయితే ఆ పోటీ వల్ల నష్టమేనా? అట్లా అనటం న్యాయం కాదు. పోటీ రాకముందే ఆ పాటలకు పని తగ్గిపోతూ వచ్చింది. కరెంటు మోటారు వచ్చాక మోట పోయింది, మోటతో పాటే మోట పాట పోయింది. రైసు మిల్లు వచ్చాక దంపుడు పాటకు రోలు లేదు. పిండిమర వచ్చాక విసుర్రాయి మూల పడింది. బతుకు తెరువు కోసం పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలూ, కాలువలూ కట్టారు. ఊరు ఖాళీ అయితే ఊళ్ళో పాట ఎవరు పాడాలి? అటువంటి సమయంలో టెలివిజన్ ఆ పాటకు ఇంకొక పని చూపింది.

ఇంకొక మేలు కూడా జరిగింది. ఊరి పాట పాడితే, ఊరి యాస మాట్లాడితే నలుగురూ నవ్వుతారేమో అని జంకే పిల్లలు చాలామంది ఉండేవారు. ఆ యాసతోనే, ఆ పాటతోనే వేదిక ఎక్కిన పల్లెటూరి యువతీయువకులను ఇంటింటా చూశారు. వారిలో కొందరికి పాటే జీవనోపాధి అయింది. తమ అమ్మమ్మ పాడే పాట టెలివిజన్‌లో వినబడగానే, "ఇది మాకూ వచ్చునే!" అని ఆశ్చర్యపోయిన ఇళ్ళు ఎన్నో.

ఏ పోటీకీ పోకుండానే పేరు తెచ్చుకున్న పాట కూడా మన సీమలో ఉన్నది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు, ఇవీ దాని భాగాలు. ఊరూరా తిరిగి, ఉన్నవారి దగ్గర తీసుకుని లేనివారికి పెట్టిన పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడటం ఆయనకు వంశపారంపర్యంగా వచ్చిన విద్య. ఆయనకు 2022 లో పద్మశ్రీ వచ్చింది.

కాబట్టి పోటీ పాటను పుట్టించదు, చంపదు కూడా. పాటను దూరానికి వినిపించగలదు, అంతే. పాట బతకాలంటే దానిని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. 1950 లలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి పెద్ద గ్రంథం రాశారు. పల్లె పాట కూడా చదువుకోదగినదే అని అప్పుడు పెద్ద చదువుల వారికి తెలిసివచ్చింది. అంత గ్రంథం మీరు రాయనక్కరలేదు. కాని ఈ సెలవుల్లో ఒక పని చేయవచ్చు.

మీ నాయనమ్మనో, అమ్మమ్మనో, ఇంటిపక్క పెద్దమ్మనో బతిమాలి ఒక పాట పాడించుకోండి. ఇంట్లో సెల్‌ఫోన్ ఉంటే, ఆమెను అడిగి రికార్డు చేయండి. తరువాత ఒక నోటుపుస్తకంలో రాయండి. పాడినది ఎవరు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పని చేస్తూ పాడేవారు అన్నది పైన రాయండి. మాటలు ఆమె ఎట్లా పలికితే అట్లాగే రాయండి. మీ పుస్తకాల్లో వేరే విధంగా ఉన్నదని దిద్దవద్దు. అర్థం కాని మాట ఉంటే అడిగి, పక్కన రాసుకోండి. ఆ ఒక్క మాట వెనక ఏ మోటబావో, ఏ మరిచిపోయిన పంటో ఉండవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఆమె పాడుతున్నప్పుడు మీరు న్యాయనిర్ణేతలై కూర్చోకండి. పల్లవి వచ్చినప్పుడు మీరూ గొంతు కలపండి. ఆమె ఊపిరి తీసుకోవటానికి ఆ కాస్త వ్యవధి కావాలి మరి!