పిల్లవాని గొఱ్ఱెపిల్ల

మాచర్ల, గురజాల ప్రాంతపు పల్లెల్లో తొలకరి తరువాత కొన్ని ఇండ్లలో ఈ దుఃఖం కలుగుతుంది. రాత్రి పిల్లవాని మంచం ప్రక్కన పడుకున్న గొఱ్ఱెపిల్ల తెల్లవారేసరికి కాళ్లు చాచి పడియుంటుంది. నిన్న గంతులు వేసినదే! పాము కరిచిందేమోనని ఒకరు, దిష్టి తగిలిందని మరొకరు అంటారు.

చాలాసార్లు అది చిటుక రోగము. గొఱ్ఱె ప్రేగులలో మామూలుగా ఉండే ఒక సూక్ష్మజీవి, లేతగడ్డి గాని గింజలు గాని ఒక్కసారిగా ఎక్కువ తిన్నప్పుడు విపరీతంగా పెరిగి విషాన్ని పుట్టిస్తుంది. కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. బక్కవాటికంటె బాగా మేసి బలిసినవే ముందు పడిపోతాయి.

అందుకే ముద్దుగా పెంచుకున్న బిడ్డ, "నేను జొన్నలు పెట్టినందుకే చచ్చిపోయిందా నాన్నా?" అని అడుగవచ్చు. తల్లిదండ్రులారా, ఆ ప్రశ్నను కసరి త్రోసివేయకండి. "నీవు ప్రేమతో పెట్టావు. సూది వేయించవలసినది మేము" అని ఒప్పుకోండి. వెంటనే మరొక పిల్లను తెస్తామని ఊరించకండి, ఏడ్వనివ్వండి. నాతాను దావీదుకు చెప్పిన కథలో బీదవానికి గొఱ్ఱెపిల్ల కూతురువంటిదే గదా!

చనిపోయినదానిని కోసి పంచుకొనక, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. బిడ్డను కూడా దగ్గర నిలువనివ్వండి. ఏటా వానలకు ముందే పశువైద్యశాలలో టీకా వేయించండి. తొలిసారి అయితే రెండు వారాలకు మరల వేయించాలి. గింజలు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. వచ్చే ఏడు ఆ సూది వేయించేటప్పుడు గొఱ్ఱెపిల్లను పట్టుకొనే పని మీ బిడ్డకే అప్పగించండి.