ఆర్‌సీలో టైర్ సైజు ఉండదు కదా, థార్‌కి 33 అంగుళాలవి వేసేయొచ్చా?

థార్ గానీ జిమ్నీ గానీ ఇంటికొచ్చిన నెలా రెండు నెలల్లో మొదలయ్యే దురద ఇది. ఇన్‌స్టాలో ఒక రీల్ కనిపిస్తుంది. ఎత్తు పెంచిన బండి, ఫెండర్ దాటి బయటికి పొడుచుకొచ్చిన మడ్ టైర్లు. వెంటనే టైర్ షాపుకి ఫోన్. అవతల్నుంచి వచ్చే సమాధానం కూడా దాదాపు ఒకటే: "ఏం కాదు సార్, ఆర్‌సీలో టైర్ సైజు ఉండదు, ఎవరూ అడగరు."

ఇందులో మొదటి సగం నిజమే. ప్రైవేటు కారు ఆర్‌సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, ఇంధనం, సీట్లు, బరువు ఉంటాయి. టైర్ సైజు కనిపించదు. ఆ వివరం అడిగేది లారీలు, బస్సుల్లాంటి ట్రాన్స్‌పోర్ట్ వాహనాలకి. కానీ ఆర్‌సీలో లేదు కాబట్టి చట్టానికి పట్టదు అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. ఐదు టైర్ల మీద అంత డబ్బు పెట్టే ముందు ఈ ముక్క అర్థం చేసుకోవడం మంచిది.

అసలు రూల్ ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ఉంది. దాని సారాంశం: ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా మారేలా ఓనర్ బండిని మార్చకూడదు. అదే సెక్షన్ కింద ఒక వివరణ కూడా ఉంది. 'ఆల్టరేషన్' అంటే బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారిపోవడం అని. మోడిఫికేషన్ ప్రియులందరూ పట్టుకు వేలాడేది ఈ వివరణనే. "టైర్ మారిస్తే నిర్మాణం ఎక్కడ మారింది బ్రో?" అని.

ఈ వాదన బలం 2019లో బాగా తగ్గిపోయింది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, ఆ ఏడాది జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పుని పక్కన పెట్టింది. తయారీదారు మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని తేల్చింది. అంటే కొలబద్ద మన చేతిలోని ఆర్‌సీ కార్డు ఒక్కటే కాదు, కంపెనీ స్పెసిఫికేషన్ కూడా.

ఆ స్పెసిఫికేషన్ ఎక్కడుంటుంది అంటే, కొత్త మోడల్ రోడ్డెక్కే ముందు రూల్ 126 కింద దాని ప్రోటోటైప్‌ని పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు టెస్ట్ చేస్తాయి. బ్రేకులు, స్టీరింగ్, స్పీడోమీటర్ అన్నీ. టెస్టుకి ఇచ్చే సాంకేతిక వివరాల్లో టైర్ సైజు కూడా ఒకటి. ఫోన్‌లో కస్టమ్ రామ్ వేసుకుంటే కంపెనీ ఇచ్చిన సర్టిఫికేషన్ ఆ సాఫ్ట్‌వేర్‌కి వర్తించదు కదా, ఇదీ అలాంటిదే. తేడా ఏంటంటే, ఇక్కడ బ్రిక్ అయితే పోయేది ఫోన్ కాదు.

ఇక శిక్ష సంగతి. 2019 సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకి' అన్న మాట గమనించండి. టైర్లు, లిఫ్ట్ కిట్, ముందు ఉక్కు బంపర్ కలిపి వేస్తే అది ఒక ప్యాకేజీ అని షాపువాడు బిల్లు ఇస్తాడేమో గానీ, చట్టం విడివిడిగా లెక్కపెట్టగలదు. (ఉక్కు బంపర్లు, క్రాష్ గార్డుల మీద అయితే కేంద్రం 2017 డిసెంబర్‌లోనే చర్యలు తీసుకోమని రాష్ట్రాలకి చెప్పింది. అవి ఇప్పటికీ బహిరంగంగా అమ్ముడవుతున్నాయి, అది వేరే కథ.)

మరి ఎంత వరకు ఓకే?

ఇన్ని మిల్లీమీటర్లు పెంచుకోవచ్చు అని మన చట్టంలో అంకె లేదు. యూట్యూబ్‌లో "3 శాతం లోపు అయితే లీగల్" అని ధైర్యంగా చెప్పేస్తుంటారు. ఆ 3 శాతం టైర్ ఫిట్‌మెంట్ రంగంలో వాడే ఒక అలవాటు లెక్క. స్పీడోమీటర్ మరీ తప్పు చూపించకుండా, టైరు ఫెండర్‌కి రాసుకోకుండా ఉండటానికి పనికొస్తుంది. చలాన్ రాసే ఆఫీసర్ ముందు పనికిరాదు.

నా ఉద్దేశంలో గట్టిగా నిలబడగలిగిన హద్దు ఒక్కటే. మీ మోడల్‌కి కంపెనీయే ఏ సైజులు ఇచ్చిందో, అవి. 2020లో వచ్చిన థార్ చూడండి. ఒక వేరియంట్‌కి 245/75 ఆర్16, పై వేరియంట్‌కి 255/65 ఆర్18 ఇచ్చారు. రెండూ అదే బండికి కంపెనీ ఒప్పుకున్న సైజులు. జిమ్నీకి 195/80 ఆర్15. థార్ రాక్స్‌లో 18, 19 అంగుళాలవి వేరియంట్‌ని బట్టి మారతాయి. ఓనర్ మాన్యువల్, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ చూస్తే మీ బండి సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. 245/75 ఆర్16 అంటే వెడల్పు 245 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ 16 అంగుళాలు. సైడ్‌వాల్ 183.75, కింద పైన కలిపి 367.5. రిమ్ 406.4. మొత్తం టైర్ ఎత్తు 773.9 మి.మీ. ఇదే పద్ధతిలో 255/65 ఆర్18కి 788.7 వస్తుంది. అందరూ కోరుకునే '33 అంగుళాల' టైర్ అంటే, ఉదాహరణకి 285/75 ఆర్16. దాని ఎత్తు 833.9. అంటే 16 అంగుళాల వేరియంట్‌తో పోలిస్తే 60 మి.మీ. ఎక్కువ, దాదాపు 7.8 శాతం.

ఆ శాతమే నేరుగా స్పీడోమీటర్‌లోకి వెళుతుంది. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి బండి వేగం చూపిస్తుంది. చక్రం పెద్దదైందని దానికి తెలీదు. మీటర్ 80 చూపిస్తుంటే అసలు వేగం 86 దాకా ఉంటుంది, 120 చూపిస్తే 129. కంపెనీ మీటర్లు సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తాయి కాబట్టి ఈ తేడాలో కొంత సర్దుకుపోవచ్చు. కానీ మీటర్ ఎప్పుడూ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదనేది ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 39 పెట్టిన గీత, పెద్ద టైరు బండిని ఆ గీతవైపే నెడుతుంది. 80 దాటితే మోగే ఆ విసిగించే బీప్ ఉంది చూశారా, 2019 జులై నుంచి కొత్త కార్లలో తప్పనిసరి చేసింది, అది కూడా ఆలస్యంగా మోగుతుంది. ఔటర్ మీద స్పీడ్ కెమెరా మాత్రం మీ మీటర్‌ని చూడదు. జీపీఎస్ స్పీడ్ యాప్ పెట్టి చూస్తే ఈ తేడా పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది. ఓడోమీటర్ కూడా అంతే, తిరిగిన దూరం కన్నా తక్కువ నమోదు చేస్తుంది. మైలేజీ పడిపోయిందని బాధపడేవాళ్లు ముందు ఈ లెక్క సరిచేసుకోవాలి.

జిమ్నీ వాళ్లు ఎక్కువగా అడిగేది 215/75 ఆర్15. ఎత్తు 693 నుంచి 703.5కి పెరుగుతుంది, 1.5 శాతమే. ఇంజినీరింగ్‌పరంగా చిన్న మార్పు. అయినా కాగితం మీద చూస్తే ఇదీ కంపెనీ ఇవ్వని సైజే. రిస్క్ చిన్నది అనొచ్చు, లీగల్ అని మాత్రం నేను రాయను. 235/75 ఆర్15కి వెళితే పెరుగుదల 5.8 శాతం, ఇక చిన్నది అనడానికి కూడా లేదు.

సైజు కాకుండా టైర్ మీద రాసి ఉన్నవి

ఐఎస్ఐ మార్క్ లేని టైర్ వద్దు. ప్యాసింజర్ కార్ టైర్లకి ఐఎస్ 15633 ప్రమాణం ఉంది, ఆ మార్క్ లేకుండా మన దేశంలో అమ్మకూడదు. 2020 జూన్‌లో టైర్ దిగుమతుల మీద కూడా ఆంక్షలు పెట్టారు. అందుకే "డైరెక్ట్ ఇంపోర్ట్ సార్, స్టాక్ రెండే సెట్లు ఉన్నాయి" అన్నప్పుడు సంతోషపడేముందు సైడ్‌వాల్ మీద ఆ మార్క్ వెతకండి. లోడ్ ఇండెక్స్, స్పీడ్ సింబల్ కూడా చూడండి. 104 అంటే ఒక్కో టైర్ 900 కిలోలు మోస్తుంది, 111 అంటే 1,090. క్యూ అంటే గంటకి 160 కి.మీ., ఎస్ అంటే 180. మడ్ టైర్లలో క్యూ ఎక్కువ కనిపిస్తుంది. కంపెనీ టైర్ కన్నా ఈ రెండింట్లో ఏది తగ్గినా, సైజు సరిపోయినా సరే, కొనొద్దు.

ఇంకొకటి. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే సైజు ఉండాలి. థార్, జిమ్నీ రెండింట్లోనూ ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. ముందొక సైజు వెనకొక సైజు పెట్టి తారురోడ్డు మీద 4హెచ్‌లో నడిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఒత్తిడి పడుతుంది.

ఇన్సూరెన్స్

5,000 చలాన్ కట్టేసి ఊపిరి పీల్చుకోవచ్చు. నాకు భయం వేసేది ఇక్కడే. యాక్సిడెంట్‌లో అవతలివాళ్లకి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ తప్పించుకోవడానికి సెక్షన్ 150లో ఉన్న కారణాలు పరిమితం, కాబట్టి బాధితుడికి కొంత రక్షణ ఉంది. మీ సొంత బండి రిపేర్ క్లెయిమ్‌కి ఆ రక్షణ లేదు. సర్వేయర్ వస్తాడు, ఫోటోలు తీస్తాడు, పాలసీ తీసుకున్నప్పటి బండికీ ఇప్పటి బండికీ తేడా ఏంటో రాస్తాడు. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ తగ్గించడానికో తిరస్కరించడానికో దారి అవుతుంది. పది పదిహేను లక్షల బండి మీద అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు. సైజులో ఏ మార్పు చేసినా కంపెనీకి మెయిల్ పెట్టి, పాలసీ మీద ఎండార్స్‌మెంట్ రాయించుకోండి. ఫోన్‌లో "పర్లేదు సార్" అన్నది లెక్కలోకి రాదు.

ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు పెట్టే వీడియోలు చూసి "అక్కడ ఓకే కదా" అనేవాళ్లున్నారు. అక్కడ అంకె ఉంది. వీఎస్‌బీ 14 అనే జాతీయ మార్గదర్శకం ప్రకారం ఆఫ్‌రోడ్ ఫోర్ వీల్ డ్రైవ్‌కి, కంపెనీ ఇచ్చిన అతి పెద్ద సైజు కన్నా 50 మి.మీ. వరకు ఎత్తు పెంచొచ్చు, దానిపైన ఒక్కో రాష్ట్రానికి తన షరతులున్నాయి. ఆ ఒక్క కొలత వరకే మన థార్‌కి వర్తింపజేసి చూస్తే 788.7కి 50 కలిపి 838.7. అంటే 33 అంగుళాల టైర్ అక్కడ ఆ గీత లోపలే పడుతుంది! అదే టైర్, అదే బండి. మన దగ్గర అలాంటి గీత గీయనే లేదు. సెక్షన్ 52లో 2019లోనే రెట్రోఫిట్‌మెంట్‌కి షరతులు నిర్ణయించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. టైర్లకి కూడా ఒక అంకె ఇస్తే షాపువాడికీ, ఆఫీసర్‌కీ, మనకీ పని తేలికవుతుంది.

అప్పటిదాకా నేనైతే ఇలా చేస్తాను. బండి 16 అంగుళాల థార్ అయితే అదే మోడల్ 18 అంగుళాల సెట్‌కి మారతాను. ఎత్తులో 1.9 శాతం తేడా, కంపెనీ సైజే. ఇంకా మొరటు లుక్ కావాలంటే సైజు ముట్టుకోకుండా అదే కొలతలో ఆల్ టెరైన్ టైర్ వేస్తాను. ట్రెడ్ డిజైన్ మారినంత మాత్రాన కొలత మారదు, బురదలో పట్టు మాత్రం హైవే టైర్ కన్నా బాగుంటుంది. తీసిన పాత టైర్లు అమ్మకుండా ఇంట్లోనే ఉంచుతాను. రేపు వేరే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ మార్చాల్సి వచ్చినా, 15 ఏళ్ల తర్వాత రెన్యువల్‌కి వెళ్లినా బండిని ఇన్‌స్పెక్టర్ చూస్తాడు.